బాపు వేసిన గొళ్లెం

పొద్దున్నే వాకిట్లో పాలకూర కుప్ప పోసుకుని భాగ్యమ్మ కట్టలు కడుతోంది. ఎదురుగా కూర్చున్న నిర్మల ముదురాకులు ఏరి పక్కన పడేస్తోంది. మూడో ఏడు నడుస్తున్న చిట్టి ఆ ముదురాకులన్నీ పోగుచేసి, ఎంతో సాయం చేస్తున్నట్టు మళ్లీ కుప్పలోనే వేస్తోంది. దాని జుట్టు నుదుటి మీంచి కళ్లలోకి పడుతుంటే భాగ్యమ్మ దగ్గరికి లాక్కుని, కట్టలు కట్టే నారతోనే నడినెత్తిన పిలక వేసింది.

"ఇగో, నువ్వు గూడ ఒక కట్టవైనవ్. అంగట్ల పెడితే పాలకూర అనుకొని కొనుక్కపోతరు," అంది మనవరాలితో. చిట్టి పిలక పట్టుకు చూసుకుని మురిసిపోయింది. ఇంటి మీంచి విమానం ఒకటి చక్రాలు దించుకుంటూ పోతే చెయ్యి ఊపింది. పెద్దవాళ్లిద్దరూ తలెత్తలేదు. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో విమానానికి తలెత్తేది చుట్టాలూ చిన్నపిల్లలే.

నిర్మల పుట్టింటికి వచ్చి వారమైంది. వచ్చింది ఆ జుట్టు సంగతి తేల్చుకోవడానికే. చిట్టికి ఇంకా పుట్టువెంట్రుకలు తీయలేదు. మూడో ఏడు దాటితే ఐదో ఏడు దాకా ఆగాలనీ, అన్నాళ్లు ఆడపిల్ల నెత్తిన మొక్కు మోయించడం ఏం పద్ధతనీ బుద్వేల్‌లో ఉన్న అత్తగారు రోజూ ఏదో ఒక వంకతో అంటూనే ఉంది. ఆమె తప్పేం లేదు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి మొదటి మూడు కత్తెర్లు ఆయన చేత వేయించాలి, ఆ తర్వాతే మంగలి చెయ్యి పడాలి. నిర్మలకు తోడబుట్టిన తమ్ముడు ఒక్కడే, చందు. వాడు జైల్లో ఉన్నాడు.

నిర్మల భర్త ఉపేందర్ గగన్‌పహాడ్‌లో ఒక కంపెనీలో పని చేస్తాడు. నెమ్మదైన మనిషి. వరసకు ఎవరో ఒక మేనమామను చూసి కానిచ్చేద్దామని ఒకసారి అన్నాడు. వరసకు మేనమామ ఇంకొకడు ఉండేవాడని నిర్మల బదులు చెప్పింది. ఆ మాటతో ఉపేందర్ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ ఇంకొకడు పాండు. చిన్నాన్న బాలమల్లు కొడుకు. నిర్మల తండ్రి పెంటయ్య, బాలమల్లు అన్నదమ్ములు, ఒకే వాకిలికి ఎదురెదురుగా రెండిళ్లు, ఒకే బోరు మీద రెండు మళ్లు. నిర్మల రాఖీ పండక్కి ఇద్దరికీ కట్టేది, ముందు పాండుకు, తర్వాత చందుకు. చందు అలిగేవాడు. పెద్దోనికి ముందు కట్టాలెరా అని పాండే వాణ్ని బుజ్జగించేవాడు.

తొమ్మిదేళ్ల కిందట ఒక సాయంత్రం విమానాశ్రయం గోడ వెనక ఖాళీ స్థలంలో చందు పెద్ద పోరగాళ్లతో కూర్చుని సిగరెట్ తాగుతుంటే పాండు చూశాడు. అన్న కదా, అందరి ముందూ చెంప మీద ఒకటిచ్చాడు. చందు ఏడుస్తూ ఇంటికి వచ్చాడు. ఇంట్లోకి రాకుండా బోరు దగ్గరికి పోయి, పైపులు విప్పే ఇనుప పానా తీసుకుని వెనక్కి వెళ్లాడు. వాడికప్పుడు పదహారేళ్లు దాటాయి, పదిహేడు నిండలేదు. వెళ్లినవాడు ఒక దెబ్బతో ఆగలేదు.

నేరం పెద్దది, వయసు పదహారు దాటింది కనుక పెద్దవాళ్లకు మల్లే విచారణ జరగాలన్నారు. యావజ్జీవం పడింది. ఇరవై ఒకటి నిండేదాకా పిల్లల్ని ఉంచేచోట ఉంచి, తర్వాత పెద్ద జైలుకు మార్చారు. నిర్మల అప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది తనొక్కతే కాబట్టి తీర్పు కాగితాలు ముందేసుకుని, వాక్యం వాక్యం ఆపుకుంటూ అమ్మకూ బాపుకూ చెప్పింది. చావు శిక్ష కానీ, చచ్చేదాకా బయటికి రానివ్వని శిక్ష కానీ ఈ వయసు పిల్లవాడికి వేయడానికి చట్టం ఒప్పుకోదని అందులో ఉంది. వాడు మారితే బయటికి వచ్చే దారి తెరిచే ఉండాలని ఉంది. ఆ ముక్క భాగ్యమ్మ మళ్లీ మళ్లీ చదివించుకుంది.

కానీ తొమ్మిదేళ్లలో చందు ఒక్క రోజుకైనా ఇంటికి రాలేదు. జైలు నుంచి పెరోల్‌కు రెండుసార్లు పెట్టుకున్నాడు. ఒకసారి నిర్మల పెళ్లికి, ఇంకోసారి భాగ్యమ్మకు ఆపరేషన్ అయి దవాఖానలో ఉన్నప్పుడు. రెండుసార్లూ పోలీసు విచారణలో వ్యతిరేకంగా వచ్చిందని తిరగ్గొట్టారు. వ్యతిరేకం ఎవరిదో ఎవరూ అడగక్కర్లేకపోయింది. ఎదురింట్లో పాండు తల్లి సత్తెమ్మ ఉంది. ఒక్కగానొక్క కొడుకు పోయి, ఆ దిగులుతోనే మూడేళ్లకు మొగుడూ పోయి, ఒంటరిగా ఆ ఇంట్లో ఉంది. ఆమె కాకపోతే ఇంకెవరు కాదంటారు?

పాండు పోయిన రోజు నుంచి తోడికోడళ్లిద్దరికీ మాటల్లేవు. అయినా బోరు ఒకటే కనుక వంతు తప్పేది కాదు. తన మడి తడిసిందంటే భాగ్యమ్మ వాల్వు పక్కన బకెట్ బోర్లిస్తుంది. అది చూసి సత్తెమ్మ వచ్చి నీళ్లు తన వైపు తిప్పుకుంటుంది. తనది అయిపోతే బకెట్ నిలబెడుతుంది. ఒక్కనాడూ ఒకరి వంతులో ఇంకొకరు చెయ్యి పెట్టలేదు. ఒకసారి సత్తెమ్మ జ్వరంతో లేవకపోతే ఆమె కొత్తిమీర మడి కూడా భాగ్యమ్మే తడిపి, బకెట్ నిలబెట్టి వచ్చింది. సాయంత్రం మోటారు ఆపాక సత్తెమ్మ ఒక చెంబు నిండా నీళ్లు పట్టుకుని గోడ వెనక ఖాళీ స్థలం వైపు వెళ్తుంది. పాండు పడిన చోట పోసి వస్తుంది. వానాకాలం కూడా మానదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

పాలకూర కుప్ప సగమైందనగా హెడ్ కానిస్టేబుల్ గోవర్ధన్ బండి వాకిట్లో ఆగింది. నిర్మల ఏరుతున్న ఆకులు వదిలేసి లేచింది. మేనకోడలి పుట్టువెంట్రుకలకని చందు మూడోసారి పెరోల్‌కు పెట్టుకున్నాడు. ఈసారి విచారణకు వచ్చేటప్పుడు తను ఇక్కడే ఉండాలని నిర్మల అనుకున్నది ఇందుకే. చిన్నమ్మ కాళ్లు పట్టుకునైనా ఒప్పించాలని.

పెంటయ్య అప్పుడే మడిలోంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. గోవర్ధన్ మంచంమీద కూర్చుని మంచినీళ్లు తాగి, ఎండల సంగతీ కూరగాయల సంగతీ రెండు మాటలాడి, అసలు విషయానికి వచ్చాడు.

"మళ్ల వచ్చింది పెంటయ్యా. ఏం రాయమంటవ్?"

పెంటయ్య తలెత్తకుండా పాదాల మీద నీళ్లు పోసుకుంటూనే అన్నాడు. "ఎప్పుడు రాసేదే రాయి సారూ."

నిర్మలకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఎప్పుడు రాసేది ఏంది?" అంది.

గోవర్ధన్ పెంటయ్య వంక చూశాడు, భాగ్యమ్మ వంక చూశాడు, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మీకు ఎర్కలేదామ్మా? వాన్ని మా ఇంటికి తీస్కరావద్దు, మేం పూచీ ఉండం అని మీ బాపే చెప్పిండు. రెండుసార్లు నేనే రాసుకున్న."

"ఎదురింటామె కాదా?"

"ఆమె దగ్గరికి పోయే అవసరమే రాలే. సొంత తండ్రే వద్దంటే ఇగ ఆమెను ఏమడుగుత?"

భాగ్యమ్మ చేతిలో నార సగం చుట్టిన కట్ట అలాగే ఉండిపోయింది. చిట్టి దాన్ని లాగితే ఆకులు జారి కింద పడ్డాయి.

నిర్మల తేరుకుని, ఇవాళ ఏమీ రాయవద్దనీ, రేపు పొద్దున ఒక్కసారి రమ్మనీ గోవర్ధన్‌ను బతిమాలింది. ఆయన కాసేపు గునిసి, రేపటి కన్నా ఎక్కువ ఆగలేనని చెప్పి వెళ్లిపోయాడు.

ముందు నోరు తెరిచింది భాగ్యమ్మ. గొంతు పెంచలేదు.

"ఇన్నేండ్ల సంది నేను ఎవల్ని తిట్టుకుంటున్న?"

పెంటయ్య తువ్వాలతో కాళ్లు తుడుచుకుంటున్నాడు. తడి లేకపోయినా తుడుస్తూనే ఉన్నాడు.

"పొద్దున లేసి ఆమె తలుపు చూస్తే నా కడుపు మండేది. దాని కొడుకు పాయె, నా కొడుకును గూడ రానిస్తలేదు అనుకున్న. పోచమ్మ ముందర నిలబడి ఆమెను అనరాని మాటలన్న. కొడుకును పోగొట్టుకున్నదాన్ని అన్న. గవన్నీ ఇప్పుడు ఏడ వెట్టుకోవాలె? నువ్వు నా పక్కపొంటే పండుకున్నవ్ గద, ఒక్కనాడన్న కాదే, నేనే అని చెప్పినవా?"

"చెప్తే ఏం చేస్తుండెవ్?" అన్నాడు పెంటయ్య.

"నిన్ను తిడుతుండె."

ఆ మాటకు పెంటయ్య మంచంమీద కూలబడ్డాడు. చెప్పడం మొదలుపెట్టాడు. పాండు దినాల నాడు బావి దగ్గర బాలమల్లు మంగలి ముందు కూర్చున్నాడు. చిన్నవాడు పోతే కర్మ చేసే తండ్రి తప్ప మిగతా పెద్దవాళ్లు తల తీయించుకునే ఆచారం లేదు. దాయాదులైన పాలోళ్లలో చిన్నవాళ్లే కూర్చున్నారు. పెంటయ్య వెళ్లి తమ్ముడి పక్కనే కూర్చుని తల వంచాడు. నాకూ తియ్యి అన్నాడు. మంగలి సంకోచించాడు, ఊరివాళ్లు వద్దన్నారు. వినలేదు. కత్తి నెత్తి మీద ఉండగానే తమ్ముడితో ఆ మాట అన్నాడు.

"నీ కొడుకు లేని వాకిట్ల నా కొడుకు కాలు పెట్టడురా మల్లూ అన్న. నేనున్నన్ని దినాలు ఇదే మాట అన్న. వాడు ఏమనలే. తలకాయ ఊపిండు. అంతే. ఆ ఊపుడే నాకు యాదికుంటది. మాట తప్పితే రేపు పైలోకంల వాడు ఎదురైతే ఏం మొకం జూపియ్యాలె?"

నిర్మలకు బాపు మీద కోపం, జాలి ఒకదానిమీద ఒకటి వచ్చాయి. అప్పటి బాపు బోడిగుండు ఆమెకు గుర్తుంది. దుఃఖం కొద్దీ తీయించుకున్నాడనుకుంది. అది ఒక మాటకు వేసిన ముద్ర అని ఇప్పుడే తెలిసింది.

"జడ్జి సారు ఏం రాసిండో నేనే చదివి చెప్పిన గద బాపూ," అంది. "పదహారేండ్ల పోరనికి చచ్చేదాంక తలుపు మూసేటందుకు నాకు హక్కు లేదన్నడు. ఆయన తలుపు తీసిపెట్టిండు. నువ్వు గొళ్లెం వేసినవ్."

"వానికి కాదు బిడ్డా, నాకేసుకున్న. నేను మాత్రం వాన్ని చూసిన్నా? ములాఖత్‌కు మీరే పోయిన్రు, నేను పోయిన్నా ఒక్కనాడన్న?" పెంటయ్య ఎదురింటి తలుపు వైపు చెయ్యి చూపాడు. "జర ఆలోచన చెయ్యి. ఆ పిల్ల పొద్దున లేసి తలుపు తీస్తే ఎదురుంగ వాడు మొకం కడుక్కుంటుంటడు. మీ అమ్మ వానికి అన్నం పెడుతుంటది. ఆమె గవన్నీ చూడాల్నా? ఎట్ల చూస్తది?"

"చిన్నమ్మను అడిగినవా?"

పెంటయ్య తువ్వాల మడత పెట్టసాగాడు.

"ఒక్కసారన్న అడిగినవా బాపూ?"

"గది అడిగే మాటనా?" అన్నాడు చివరికి, నేల వైపు చూస్తూ.

చిట్టిని అమ్మకు అప్పజెప్పి నిర్మల మడి వైపు నడిచింది. ఎండ ఎక్కుతోంది. బోరు దగ్గర బకెట్ బోర్లించి ఉంది. సత్తెమ్మ పాయలు తిప్పుతూ మోకాళ్ల దాకా చీర ఎగగట్టుకుని బురదలో ఉంది. నిర్మలతో ఆమె మాట్లాడుతుంది, కానీ అవసరానికి మించి కాదు. నిర్మల గట్టు మీద కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, పొద్దున జరిగినదంతా దాచకుండా చెప్పేసింది. బాపు ఇచ్చిన మాట, గోవర్ధన్ రాసుకున్నది, అమ్మ ఇన్నాళ్లూ ఎవరిని తిట్టుకున్నదీ అన్నీ చెప్పింది. ఏమీ దాచుకోకూడదని దారిలోనే అనుకుంది.

సత్తెమ్మ పాయకు మట్టి అడ్డం వేసి, చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది. మాట ఇచ్చిన సంగతి ఆమెకు తెలుసు. ఆ సాయంత్రమే బాలమల్లు చెప్పాడట.

"మొగోళ్లు మొగోళ్లు మాట్లాడుకున్నరు. ఒకాయన మాటిచ్చిండు, ఒకాయన తలకాయ ఊపిండు. కన్నదాన్ని నేనున్న గద, నన్నెవలన్న అడిగిన్రా? నాకు మంచి చేస్తున్నం అనుకున్నరు."

నిర్మల ధైర్యం చేసి అడిగింది. "నిన్ను ఇప్పుడు అడుగుతున్న చిన్నమ్మా. వాడు రావచ్చునా?"

సత్తెమ్మ కాళ్ల బురదను గడ్డితో తుడుచుకుంది.

"మొదాల్ల వస్తే సంపుతుండె. అబద్ధం చెప్ప. రోజు కొడవలి నూరుకుంటుండె, గడ్డి కోసేటందుకే అనుకుంటుండె. తర్వాత మీ చిన్నాన్న పోయిండు. ఇల్లు ఖాళీ ఐంది. పాండు పేరు పలికేటోళ్లు లేకుండయిన్రు. మీరు నా ముందర వాని పేరెత్తరు, నాకు బాధైతదని. బజార్ల ఎత్తరు, గొడవైతదని. నా కొడుకు సచ్చిండు, వాని పేరు గూడ సచ్చింది. వాని సంగతి మాట్లాడేటోడు, వాని దగ్గర ఆఖరుకు ఉన్నోడు ఒక్కడే. వాన్ని మీ బాపు రానిస్తలేడు."

"అంటే..."

"నేను వాన్ని ఒక మాట అడగాలె బిడ్డా. ఇన్నేండ్ల సంది ఆ ఒక్క మాట నాకు నిద్ర పట్టనిస్తలేదు. కోర్టుల వకీళ్లు పానా ఎంత బరువున్నదో అడిగిన్రు, ఎన్ని దెబ్బలో అడిగిన్రు. నాకు గావల్సింది ఎవలూ అడగలే. జైలుకు పోదామనుకున్న. గేటు దాంక పోయి మర్లొచ్చిన. అక్కడ కాదు. వాడు ఈడికొచ్చి, ఈ వాకిట్ల, నా ముందర కూసొని చెప్పాలె."

ఏం మాటని నిర్మల అడిగితే, వాన్నే అడుగుతానంది. చెప్పాక పిల్ల వెంట్రుకలు తీస్తాడో లేదో అప్పుడు చూద్దామంది. లేచి వెళ్లి, మడి సగం కూడా తడవకుండానే బకెట్ నిలబెట్టింది.

మర్నాడు గోవర్ధన్ వచ్చేసరికి సత్తెమ్మ తన ఇంటి గడప దిగి వాకిలి దాటి వచ్చింది. తొమ్మిదేళ్లలో ఆమె ఆ వాకిలి అడ్డంగా దాటడం అదే మొదలు. భాగ్యమ్మ లేచి నిలబడింది కానీ ఎటు చూడాలో తెలియలేదు. సత్తెమ్మ సూటిగా పెంటయ్య ముందు ఆగింది.

"బావా, నువ్వు మాటిచ్చింది మీ తమ్మునికి. ఆయన పోయిండు. నాకియ్యలే. నాకియ్యని మాట నా పేరు మీద ఎన్నేండ్లు నిలబెడ్తవ్?"

పెంటయ్య చేతులు జోడించబోతే సత్తెమ్మ తల తిప్పుకుంది. గోవర్ధన్ వైపు తిరిగి, వాడు వస్తే తనకు అభ్యంతరం లేదనీ, గొడవేమీ కాదనీ రాసుకోమంది, వేలిముద్ర కావాలన్నా వేస్తానంది. గోవర్ధన్ రాసుకుంటున్నంతసేపూ పెన్ను వంకే చూసి, వచ్చినట్టే వెళ్లిపోయింది. భాగ్యమ్మ ఆమె వెనక నాలుగడుగులు నడిచి, "సత్తెమ్మా" అంది. సత్తెమ్మ ఆగింది.

"నిన్ను శానా తిట్టిన," అంది భాగ్యమ్మ.

"నేను నిన్ను తిట్టలేదనుకున్నవా అక్కా," అని సత్తెమ్మ లోపలికి పోయింది.

పెరోల్ వచ్చింది. కొద్ది రోజులే, రోజూ స్టేషన్‌కు పోయి సంతకం పెట్టాలి. ఉపేందర్, నిర్మల వెళ్లి చందును తీసుకొచ్చారు. దారి పొడుగునా వాడు బయటికే చూస్తూ వచ్చాడు. ఆరాంఘర్ దాటాక రోడ్డు మీద కొత్త వంతెనలు చూసి, "మనూరు ఇటేనా అక్కా?" అని మాత్రం అడిగాడు. గడ్డం పెరిగిన మొహంలో పదహారేళ్లవాడు ఎక్కడున్నాడో నిర్మల వెతుక్కుంది.

వాకిట్లో దిగాక భాగ్యమ్మ కొడుకును పట్టుకుని ఏడ్చింది. పెంటయ్య మంచంమీద నుంచి లేవలేదు, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. చందు వచ్చి ఆయన కాళ్ల దగ్గర నేల మీద చెయ్యి తాకించి లేచాడు. కాళ్లకు తగలకుండా. కాళ్లు కడుక్కురమ్మంటే వెనక్కి వెళ్లి, ఎంతకీ రాలేదు. నిర్మల చూడబోతే మూసిన పెరటి తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది, అంతే. వాడు దాన్ని ముట్టుకోలేదు. ఎవరైనా వచ్చి తీసేదాకా నిలబడాలని వాడికి అలవాటైపోయింది. తలుపు తనవైపు నుంచి కూడా తెరవొచ్చన్న సంగతి వాడు పదహారో ఏటే మరిచిపోయాడు. నిర్మల నోట్లో కొంగు కుక్కుకుని, చప్పుడు చేయకుండా తలుపు తీసింది.

మర్నాడు వాకిట్లో పీట వేశారు. మంగలి సత్తయ్య పొది విప్పుకుని పక్కన కూర్చున్నాడు. బుద్వేల్ నుంచి అత్తగారు వచ్చింది. సత్తెమ్మ వచ్చి చందు ఎదురుగా నేల మీదే కూర్చుంది. వాడు తలెత్తలేకపోయాడు. పక్కవాళ్లు లేవబోతే ఉండమంది.

"నేను ఒక్కటే అడుగుత. ఎందుకు కొట్టినవ్ అని అడగ. అది నీకు గూడ ఎర్కలేదు. పానా దెబ్బ తగిలినంక నువ్వు ఏడికన్న ఉరికినవా, వాని దగ్గరనే ఉన్నవా?"

"ఉన్న చిన్నమ్మా."

"నా కొడుకు నీళ్లడిగిండా?"

చందు మొహం ఒక్కసారిగా మారిపోయింది. వాడు తల ఊపాడు. సత్తెమ్మ తల ఊపడం చాలదన్నట్టు అలాగే చూస్తూ ఉంది.

"అడిగిండు. చందూ, నీళ్లురా అన్నడు. బోరు దాంక ఉరికిన. ఏం దొరకలే, అక్కడ మీ చెంబే ఉండె. దాంట్లనే తెచ్చిన. తలకాయ ఒళ్లె పెట్టుకొని పోసిన."

"తాగిండా?"

"ఒక్క గుక్క తాగిండు. ఇంకోటి పోస్తే బయటికొచ్చింది."

"ఒక్క గుక్క," అంది సత్తెమ్మ.

"నిజం చెప్తున్న చిన్నమ్మా. రోజూ యాదికొస్తది. గొంతు కదిలింది, నేను చూసిన. ఎవలూ అడగలే, నేను చెప్పలే."

సత్తెమ్మ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. కొడుకు శవాన్ని తెచ్చిన రోజున, మొగుడు పోయిన రోజున ఊరందరూ చూస్తుండగా ఏడవని మనిషి ఇప్పుడు లోపల్నుంచి కుమిలి కుమిలి ఏడ్చింది. నా కొడుకు ఎండిన గొంతుతో పోలేదని, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు, మళ్లీ మళ్లీ అంది. రోజూ సాయంత్రం ఆ చెంబెడు నీళ్లు ఎందుకు మోసిందో వాకిట్లో అందరికీ అప్పుడు తెలిసింది. గోడ వైపు తిరిగి ఉన్న పెంటయ్య ఇటు తిరిగాడు. అడగకూడని మాట అని తను అనుకున్నది ఆమెకు తొమ్మిదేళ్ల దాహం అని ఆయనకు తెలిసి వచ్చింది.

భాగ్యమ్మ వెళ్లి తోడికోడలి పక్కన కూర్చుంది. ముట్టుకోవడానికి భయపడింది. సత్తెమ్మే ఆమె మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. చిట్టిని ఎత్తుకొచ్చి చందు ఒళ్లో కూర్చోబెట్టింది. చిట్టి కొత్త మనిషి గడ్డం ముట్టుకు చూసింది. సత్తెమ్మ సత్తయ్య పొదిలోంచి కత్తెర తీసి చందు వైపు చాచింది.

వాడు చేతులు వెనక్కి లాక్కున్నాడు. "నేను వద్దు చిన్నమ్మా. పట్టుకొని కూసుంట, ఇంకెవలన్న కొయ్యండి. నా చేతిల ఇనుము వద్దు."

"పట్టు," అంది ఆమె. "ముందుగాల ఒకటి పాండు పేరు మీద కొయ్యి. వాడు గూడ దానికి మామనే. పెద్దమామ."

చందు కత్తెర అందుకున్నాడు. చిట్టి మెసలకుండా నిర్మల పక్కన కూర్చుని దాని తల పట్టుకుంది. ఇవాళ కూడా భాగ్యమ్మ దానికి నారతోనే పిలక కట్టింది. మొదటి కత్తెరకు "పాండన్న పేరు మీద" అన్నాడు, ఎవరూ చెప్పమనకుండానే. ఆ పేరు వాకిట్లో వినబడి ఎన్నాళ్లయిందో. తర్వాత రెండు తనవి. వెంట్రుకలు సత్తెమ్మ పట్టిన కొంగులో పడ్డాయి.

సాయంత్రం మోటారు ఆగింది. సత్తెమ్మ చెంబు నింపుకుని వచ్చి, వాకిట్లో ఆగి, అరుగు మీద కూర్చున్న చందు చేతిలో పెట్టింది. "ఇయ్యాల నువ్వు పో," అంది. క్షమించానని అనలేదు, ఎవరూ అనమని అడగలేదు. వాడు చెంబు రెండు చేతులతో పట్టుకుని, తొణక్కుండా, గోడ వెనక ఖాళీ స్థలం వైపు నడిచాడు. రెండు గడపల నుంచి రెండు ఇళ్లవాళ్లూ చూస్తూ ఉండిపోయారు.

వాడు తిరిగి వచ్చేసరికి చీకటి పడబోతోంది. ఖాళీ చెంబు చిన్నమ్మ గడప మీద పెట్టి ఇంటి ముందుకు వచ్చాడు. గాలికి తలుపు మూసుకుపోయింది. వాడు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల వంట చేస్తున్న భాగ్యమ్మకు తెలియలేదు. వాకిట్లో కూర్చున్న నిర్మల లేవబోయింది.

పెంటయ్య చెయ్యి అడ్డం పెట్టి ఆమెను ఆపాడు. మంచం దిగి వచ్చి కొడుకు వెనక నిలబడ్డాడు. ఇంకో మూడు రోజులకు వాడు మళ్లీ వెళ్లాలి, అక్కడి తలుపులు అక్కడివాళ్లే తీయాలి. కొడుకు భుజం దాకా చెయ్యి ఎత్తి, కాసేపు గాలిలోనే ఉంచి, అప్పుడు వేశాడు.

"గొళ్లెం వెయ్యలేదురా," అన్నాడు. "నూకు."